పదమూడు రోజుల ఖాళీ

చెక్‌లిస్టులో మొదటి వరుస, ప్రాసెసర్ కోర్లు నాలుగు కావాలన్నారు, ఉన్నాయి. మెమరీ ఎనిమిది జీబీలన్నారు, పదహారున్నాయి. డిస్కులో ఎనభై జీబీల ఖాళీ, ఉంది. ఇంటర్నెట్ వైపు ఒకే ఒక్క ద్వారం, నాలుగు వందల నలభై మూడో నంబరుది, లోపలినుంచి బయటికి తెరిచి ఉంటే చాలు, బయటినుంచి లోపలికి ఏ దారీ అక్కర్లేదు అని రాశారు. ఆ వాక్యం దగ్గర నా పెన్ను కాసేపు ఆగింది, ఎందుకంటే నా సంగతి సరిగ్గా దీనికి తిరగేసి, లోపలికి వచ్చినవన్నీ వచ్చి తిష్ట వేస్తాయి, బయటికి మాత్రం ఒక్కటీ పోదు. తర్వాతి వరుసలో గడియారం. యంత్రం గడియారం అసలు సమయంతో కలిసి ఉండాలి, అయిదు నిమిషాలకు మించి తేడా ఉంటే సెన్సర్ ఇన్‌స్టాల్ కాదు. అది చదవగానే గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు వెనక్కి తిరిగి చూశాను. వెనక స్టూలు మీద నిలబడి మంచు బాబాయ్ ఏసీ మూత విప్పుతున్నాడు, నోట్లో రెండు స్క్రూలు పెట్టుకుని, మూడోది తిప్పుతూ, ఆదివారం మధ్యాహ్నం రెండుంబావుకి, నాలుగేళ్ళ తర్వాత మొదటిసారి ఈ ఆసుపత్రి లోపల. ఆఖరి వరుసలో గది వేడి ఇరవై అయిదు డిగ్రీలు దాటకూడదని ఉంది. గోడ మీద మీటరు ముప్పై ఒకటి చూపిస్తోంది. ఆ ఒక్క వరుస కోసమే ఆయన్ని పిలిచారు, నేను కాదు, గేటు దగ్గరి గార్డు పిలిచాడు, ఆదివారం ఏసీ కంపెనీవాడు ఫోనెత్తకపోతే తనకి తెలిసిన నంబరు ఇదొక్కటేనట.

సర్టిఫికెట్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు, ఒక యంత్రం ఇంకో యంత్రానికి చూపించే గుర్తింపు కార్డు. దాని మీద ఒక గడువు తేదీ ఉంటుంది, ఆ తేదీ దాటితే అవతలి యంత్రం నువ్వెవరో నాకు తెలీదని ముఖాన తలుపు వేస్తుంది. ఈ పిల్లల ఆసుపత్రిలో అలాంటి కార్డులు ఎన్ని ఉన్నాయో, ఏది ఎప్పుడు చచ్చిపోతుందో ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియదు, అందుకే ఈ సెన్సర్ అనే సాఫ్ట్‌వేర్. ఒక్కసారి మొదలుపెడితే అది నెట్‌వర్క్ అంతా ఇల్లిల్లూ తిరిగి తలుపు కొట్టి, నీ కార్డేది చూపించు అంటుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న కార్డులే కాదు, డిస్కుల్లో మూల పడున్న పాత కార్డుల్ని కూడా తవ్వి తీసి వరుసగా పేరుస్తుంది. ఆ వరుసల చివర ఆడిటర్ అమ్మాయి ఒక గడి పెట్టించింది. పాత కార్డు గడువు తీరిన రోజుకీ కొత్త కార్డు ఇచ్చిన రోజుకీ మధ్య ఖాళీ ఉంటే ఎన్ని రోజులో అదే లెక్క కడుతుంది, పక్కన కారణం మనం రాయాలి. చిన్నపిల్ల, నా కూతురికంటే ఆరేడేళ్ళు పెద్దదేమో, ఆ మాట చెప్తూ నవ్వింది, కారణం లేని ఖాళీ ఉండదు కదండీ అంది. రేపు పొద్దున తొమ్మిదికి వచ్చి చూస్తుంది. అందుకే మొన్న శుక్రవారం, అందరూ భోజనానికి వెళ్ళాక, సెట్టింగుల్లో వదిలేయాల్సిన చిరునామాలు అనే చోట ఒక్క చిరునామా టైపు చేశాను. పాలగది మూలనున్న యంత్రానిది. దానిని వదిలేస్తే సెన్సర్ ఆ గుమ్మం తొక్కదు, ఎవరూ అడగరు. ఇంత సులువా అనిపించింది, సేవ్ నొక్కాను.

ఇందాక లోపలికి వస్తూనే నన్ను చూసి బాబాయ్ ఆగాడు. "నువ్వేనా అమ్మాయ్, గార్డు కంప్యూటరమ్మ అంటే ఎవరో అనుకున్నా" అన్నాడు. నువ్వింకా ఇక్కడే ఉన్నావా అన్నట్టు వినిపించింది నాకు, ఆయన మనసులో అదేం లేదు, నా చెవులు అలాంటివి. ఈ మనిషి పదిహేడేళ్ళు ఈ ఆసుపత్రిలో చల్లదనం అంతా తన భుజాల మీద మోశాడు. మందుల ఫ్రిజ్‌లు, రక్తం ఫ్రిజ్‌లు, ఆపరేషన్ గదుల ఏసీలు, అన్నిటికంటే ముఖ్యం పాలగదిలోని మూడు ఫ్రీజర్లు. మంచు బాబాయ్ అని మొదట ఎవరన్నారో తెలియదు, నర్సులు, ఆయాలు, డాక్టర్లు, చివరికి పెద్ద డాక్టరమ్మ కూడా అలాగే పిలిచేది. నేను ఇక్కడ చేరిన కొత్తలో ఈ సర్వర్ గదిలో చలికి వణుకుతుంటే తన స్వెట్టర్ తెచ్చి కుర్చీకి వేసి పోయాడు, వద్దన్నా వినలేదు, మా ఆవిడ అల్లింది, చేతులు ఒకటి పొడుగు ఒకటి పొట్టి, నాకెలాగూ సరిపోదు అని. నిజంగానే ఒక చెయ్యి పొడుగు. ఆ స్వెట్టర్ ఇంకా ఆ కుర్చీకే ఉంది. ఇప్పుడు దానివైపు చూసి చూడనట్టు తల తిప్పుకున్నాడు, నేను దాని మీద నా సంచీ పెట్టాను.

పాలగది అంటే తల్లుల పాలు దాచే గది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి, తల్లికి పాలు పడనప్పుడు, ఇంకో తల్లి ఇచ్చిన పాలు ఒక్కొక్క చుక్కా లెక్కపెట్టి పడతారు. ఫ్రీజర్లో వేడి పెరిగితే దాని పెట్టెలోంచి కబురు మూలనున్న యంత్రానికి వెళ్తుంది, ఆ యంత్రం ముందు తన డిస్కులో దాచుకున్న ఫ్రీజర్ కార్డు చూస్తుంది, గడువుంటే కబురు తీసుకుని బాబాయ్ ఫోన్‌కి పంపుతుంది, ఫోను మోగుతుంది, ఆయన పరిగెత్తుకొస్తాడు, మోత ఆగాక ఫోన్లో దాని జాడేమీ మిగలదు. ఇదీ ఏర్పాటు. నాలుగేళ్ళ కిందట ఒక గురువారం సాయంత్రం నాలుగింటికి ఆ ఫ్రీజర్ కార్డు గడువు తీరిపోయింది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఊళ్ళో వాళ్ళందరి గడువులూ గుర్తుపెట్టుకునే నేను దాన్ని మరిచిపోయాను. తెర మీద ఎర్రగీత కనిపించింది. కొత్త కార్డు కావాలంటే ఫ్రీజర్లు అమ్మిన కంపెనీవాళ్ళు సంతకం చేసి పంపాలి, వాళ్ళు సోమవారం దాకా లేరు. నాన్నకి మర్నాడు కంటి ఆపరేషన్, అయిదింటికి బస్సు, టికెట్టు సంచీలో ఉంది. అప్పుడు నా చేతులు చేసిన పని మా వృత్తిలో అందరికీ తెలిసిందే, ఎవరూ పైకి చెప్పుకోరు. మూలనున్న యంత్రం గడియారాన్ని సరిగ్గా ఒక ఏడాది వెనక్కి తిప్పాను. దాని లెక్కలో అది పోయిన ఏడాది కాబట్టి ఫ్రీజర్ కార్డు ఇంకా బతికే ఉంది. ఎర్రగీత పచ్చబడింది. సోమవారం వచ్చి సరిచేద్దాంలే అనుకున్నాను, పరిగెత్తి బస్సెక్కాను, కిటికీ పక్క సీటు దొరికిందని సంతోషించడం కూడా గుర్తుంది.

సోమవారం నాన్న కన్ను వాచింది, బుధవారానికి తిరిగొచ్చాను, వచ్చేసరికి బిల్లింగ్ కౌంటర్లో యంత్రాలు రెండు పడిపోయి ఉన్నాయి, గడియారం మాట మనసులోంచి జారిపోయింది. జారిపోయింది అని అంత తేలిగ్గా అనేస్తాను, ఇప్పటికీ. పదకొండో రోజు సెలవు. పాలగదికి తాళం. మధ్యాహ్నం రెండూ ఇరవైకి రెండో ఫ్రీజర్ మోటారు ఆగిపోయింది. కబురు వచ్చింది. యంత్రం తీసుకుంది. కానీ తన గడియారం ప్రకారం దాని మీద ఏడాది కిందటి తేదీ వేసి, పోయిన ఏడాది పేజీలో రాసిపెట్టుకుంది, కబుర్లని ఫోన్లకి చేరవేసే సర్వరు గడియారం సరిగ్గానే ఉంది, పాత తేదీ కబుర్లు ఎవరి ఫోన్‌కీ పంపనక్కర్లేదని దానికి మేమే నేర్పాం. మర్నాడు పొద్దున పాలగది నర్సమ్మ తలుపు తీస్తే నూట పద్దెనిమిది సీసాలు. కరిగి, వెచ్చబడి, పుల్లని వాసనతో. ఒక్కొక్క సీసా మీద తల్లి పేరుకి బదులు ఒక నంబరు ఉంటుంది. అందులో ముప్పై ఒక్క సీసాలు ఒకే నంబరువి, ఆ తల్లికి పుట్టిన బిడ్డ నాలుగో రోజే పోయింది, పాలు మాత్రం ఆగలేదు, తొమ్మిది వారాలపాటు వారానికి రెండుసార్లు వచ్చి ఇచ్చి వెళ్ళింది, నా బిడ్డ తాగేవి ఎవరి బిడ్డయినా తాగనీ అని. నర్సమ్మ ఒక్కో సీసా సింకులో ఒంపుతూ ఏడుస్తుంటే నేను గుమ్మంలో నిలబడి చూశాను. పిల్లలు గట్టివాళ్ళు, డబ్బాపాలతో నానా తిప్పలూ పడి గట్టెక్కారు. సీసాలు గట్టెక్కలేదు. ఆ తల్లికి ఏం చెప్పారో నాకు తెలియదు, అడగలేదు.

ఆ రోజే గడియారం ముందుకి తిప్పేశాను. రెండో రోజు కంపెనీవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి కొత్త కార్డు తెప్పించి పెట్టాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, పాల విషయంలో ఆ సామెత నా నోటికే రావాలా, అంతా చక్కబెట్టి ఊరుకున్నాను. విచారణకి ముగ్గురు కూర్చున్నారు. యంత్రాల గురించి ముగ్గురికీ ఏమీ తెలియదు, వాళ్ళకి కావలసింది ఒకే ఒక్క సంగతి, మోగుతుందా, మోగదా. నన్నే పరీక్ష పెట్టి చూపించమన్నారు. బాబాయ్ బల్లకి అవతల నిలబడ్డాడు, తన ఫోన్ని అరచేతిలో పట్టుకుని. నేను థర్మామీటరు వెచ్చని నీళ్ళలో ముంచాను. పది సెకన్లు. ఆయన చేతిలో ఫోను గట్టిగా మోగింది, గదంతా వినపడేలా. ఆయన దానివైపు చూసిన చూపు, తన చెయ్యి తనది కాదన్నట్టు చూసిన ఆ చూపు. "అంటే ఆ రోజు కూడా మోగే ఉంటుంది కదా" అన్నాడు ముగ్గురిలో ఒకాయన. ఆ రోజు మధ్యాహ్నం ఏం చేస్తున్నావని అడిగారు. ముందు రోజంతా రక్తం ఫ్రిజ్ దగ్గర పనిచేసి వచ్చి కాస్త కునుకు తీశానని చెప్పాడు. ఇంకేం కావాలి వాళ్ళకి. వాళ్ళు సరైన ప్రశ్న అడగలేదు, నేను అడగని ప్రశ్నకి జవాబు చెప్పలేదు, ఆ రెండిటి మధ్యా ఆయన ఉద్యోగం పోయింది. ఒక్క మాట నా నాలుక చివరిదాకా వచ్చింది, ఇంటిదగ్గర పిల్ల బడి గుర్తొచ్చింది, నాన్న మందులు గుర్తొచ్చాయి, మింగేశాను. ఆ ముద్ద ఇంకా అరగలేదు.

తర్వాత ఆయన రెండు వీధుల అవతల చిన్న కొట్టు పెట్టుకున్నాడు, ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు, మిక్సీలు. బాగున్న ఫ్యాను కూడా శబ్దం చేస్తోందని పట్టుకుపోయేదాన్ని. ఆయన తిప్పి చూసి, "దీనికి రోగం లేదమ్మాయ్, రోగం నీకే" అని నవ్వేవాడు. కొట్టు వెనకే ఇల్లు. పిన్నికి చదువు రాదు. ఏ కాగితం వచ్చినా, కరెంటు బిల్లయినా, మందు సీసా మీద రాతయినా, ఆయన పైకి చదివి వినిపించాల్సిందే. ఒక్కో వాక్యానికీ ఆగి, వింటున్నావా అనేవాడు. లోపల్నుంచి పిన్ని, "చెవులున్నాయిలే, కానియ్" అనేది. రోజుకి పదిసార్లు అదే ప్రశ్న, అదే జవాబు, వినీ వినీ నాకు ఇంట్లో కూడా నోటికి వచ్చేసేది. ఏడు నెలల కిందట పిన్ని పోయింది, గుండె జబ్బు, పెద్దగా బాధ పెట్టలేదన్నారు. వెళ్ళాను. ఆయన పక్కనే నేల మీద కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. చాలాసేపు పట్టుకున్నాను. చెప్పాల్సినది చెప్పడానికి అది సమయం కాదని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అంతకు ముందు మూడున్నరేళ్ళూ కూడా సమయం కాదనే నచ్చజెప్పుకున్నాను. ఆలస్యం అమృతం విషం అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు, నేనైతే ఏడాదికేడాది దాన్ని విషం చేసి సీసాలో దాచుకున్నాను.

"ఫిల్టరు చూడు, దుప్పటి కప్పినట్టుంది దుమ్ము. ఊపిరాడక ఆగింది పాపం" అంటున్నాడు స్టూలు మీదినుంచి. దులుపుతున్నాడు. దుమ్ము ఎండలో తేలుతోంది, కిటికీకి ఉన్న జానెడు అద్దంలోంచి వచ్చే ఎండ. రెండూ ముప్పై ఏడు. మూడింటిలోపు సెన్సర్ మొదలుపెట్టాలి, ఆ తర్వాత నెట్‌వర్క్ మళ్ళీ వార్డులకి కావాలి. మీటరు ఇంకా ముప్పై ఒకటే. ఆయన జేబులో ఫోను మోగింది, ఎవరో మిక్సీ గురించి, చెవులు చిల్లులుపడేలా మోగింది. ఆయన సిగ్గుపడి, "సౌండు తగ్గించను అమ్మాయ్, అప్పట్నుంచీ అంతే. మధ్యాహ్నం నడుం కూడా వాల్చను" అన్నాడు, వాతావరణం గురించి చెప్పినట్టు. తర్వాత నా తెర వైపు చూసి, "అదేం యంత్రం" అన్నాడు. చెప్పాను. ఏ కార్డు ఎప్పుడు గడువు తీరుతుందో ముందే చెప్తుంది బాబాయ్, నెల ముందే, వారం ముందే. ఆయన నోట్లో స్క్రూ తీసి తలాడించాడు. "మంచిదే. చెప్పేవాళ్ళు ఎంతమంది చెప్తే ఏంలే, వినేవాడు నిద్రపోతే" అన్నాడు. నవ్వాడు కూడా. తన మీద తనే వేసుకున్న హాస్యం, నాలుగేళ్ళుగా అరిగిపోయి నున్నబడిన హాస్యం, మొదటిసారి వేసుకున్న రోజున ఎలా ఉండేదో. నేను నవ్వలేదు. నా పెదవులు నవ్వడానికి సగం వెళ్ళి అక్కడే ఆగిపోయాయి, ఆ సగం నవ్వుకి నాకు నా మీద అసహ్యం వేసింది. ఈయన నిద్రపోయానని నమ్ముతున్నాడు. ఇంకెవరో నమ్మడం కాదు, ఈయనే నమ్ముతున్నాడు. నేను కాజేసింది ఉద్యోగం ఒక్కటే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

సెట్టింగులు తెరిచాను. వదిలేయాల్సిన చిరునామాలు. ఒకే ఒక్క వరుస. దాన్ని చెరపడానికి ఒక్క మీట చాలు, ఆ మీట మీద నా వేలు ఎంతసేపుందో తెలియదు. పాప పదో తరగతి, ఈ ఏడాది పరీక్షలు. నా కుర్చీ, నా జీతం, కంప్యూటరమ్మ అనే పిలుపు, రేపు తొమ్మిదింటికి ఆడిటర్ అమ్మాయి ముఖంలో నవ్వు ఎలా మారుతుందో, ఆ తర్వాత పెద్ద డాక్టరమ్మ గదిలో నేను బల్లకి ఏ పక్కన నిలబడతానో. అన్నీ ఒక్కసారిగా కాదు, ఒకదాని వెనక ఒకటి, వార్డు బయట చీటీ పట్టుకున్న జనంలా. బాబాయ్ ఏదో బిగించాడు, ఏసీ దగ్గి, ఊపిరి తీసుకుని, మొదలైంది. నా మెడ మీద చల్లగాలి తగిలింది. ఇరవై తొమ్మిది, ఇరవై ఎనిమిది. చెరిపేశాను. సేవ్ చేశాను. మీటరు ఇరవై అయిదు చూపించేదాకా చూసి, ఆఖరి వరుసకి టిక్కు పెట్టి, సెన్సర్ మొదలుపెట్టాను. రెండూ యాభై రెండు. చిరునామాలు ఒక్కొక్కటే వచ్చి పడుతున్నాయి, బిల్లింగ్, ఎక్స్‌రే, ల్యాబు, మందుల గది. నలభయ్యో వరుసో నలభై ఒకటో, పాలగది. ఇప్పటి కార్డు పచ్చగా. దాని కింద డిస్కులో దొరికిన పాత కార్డులు, చివరి రెంటికీ మధ్య ఎర్రటి అంకె. పదమూడు రోజులు. పక్కన ఖాళీ గడి, కారణం రాయమంటూ.

"బాబాయ్, ఒక్కసారి ఇటు వస్తారా" అన్నాను. ఆయన స్టూలు దిగి, చేతులు గుడ్డకి తుడుచుకుని వచ్చి నిలబడ్డాడు. సెన్సర్ పేజీ కాదు, ఇంకో పేజీ తీశాను, మూలనున్న యంత్రం రాసుకున్న పాత పేజీ, నాలుగేళ్ళుగా చెరపనిది, ఎవరికీ చూపించనిది. రెండో ఫ్రీజర్, మోటారు ఆగింది, సమయం రెండూ ఇరవై. తేదీ మాత్రం ఏడాది ముందుది. ఆయన కళ్ళు చిన్నవి చేసుకుని చదివాడు.

"ఆ రోజుదేనా? తేదీ వేరేగా ఉందే."

"ఆ రోజుదే. గడియారం నేను వెనక్కి తిప్పాను బాబాయ్. కార్డు గడువు తీరిపోయింది, బస్సుకి వెళ్ళాలి, తిప్పేసి వెళ్ళిపోయాను. మీ ఫోన్‌కి అది పంపలేదు. మీకు రాలేదు."

"మరి ఆ పెద్దవాళ్ళ ముందు మోగిందిగా."

"అప్పటికి బాగుచేసేశాను."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు, స్వెట్టరున్న కుర్చీలో, నా సంచీ పక్కకి నెట్టి. తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆయన ఏసీ వైపు చూస్తూ ఉండిపోయాడు. రాలేదా, అన్నాడు, నన్ను కాదు. మళ్ళీ అన్నాడు, అసలు మోగనేలేదా. మోగలేదు బాబాయ్, అన్నాను. క్షమించమని కూడా అన్నాను, ఆ మాట గదిలో ఎక్కడా నిలవలేదు, ఏసీ చప్పుడులో పోయింది. అప్పుడు ఆయన చెప్పాడు, తలెత్తకుండా, చేతిలో గుడ్డని మడతలు పెడుతూ.

"ఆ రోజు నేను పడుకుంటే మీ పిన్ని ఫోను తీసుకెళ్ళి బీరువాలో బట్టల మధ్య పెట్టింది అమ్మాయ్. రెండు రోజుల్నుంచి కన్ను మూయలేదు, ఒక్క గంట పడుకోనీ పాపం అని. ఆ సంగతి నేను విచారణలో చెప్పలేదు. ఆడమనిషి పేరు ఎందుకు అందులో. ఫోను నా చేతిలో మోగినప్పుడు అనుకున్నాను, బీరువాలో మోగి ఉంటుంది, ఇద్దరికీ వినపడలేదు. అదీ అలాగే అనుకుంది. ఉద్యోగంలోంచి తీసేసిన ఆ కాగితం చదివి వినిపించమంటే సగం వాక్యాలు మింగి చదివాను. అయినా దానికి తెలిసిపోయింది. పసిపిల్లల పాలు నా వల్ల పోయాయి అని మూడున్నరేళ్ళు. ఆఖరి రోజు కూడా అడిగింది, నిజంగా మోగిందంటావా అని. నేనేం చెప్పను? మోగే ఉంటుందిలే, పోనీ అన్నాను."

నేల మీద ఆయన పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నది గుర్తొచ్చింది, ఆయనకీ గుర్తొచ్చినట్టుంది. "ఆ రోజు వచ్చావు కదా" అన్నాడు. "అప్పటికి నీకు తెలుసు." తెలుసు, అన్నాను. ఒక వారం ముందు చెప్పినా సరిపోయేది, ఒక రోజు ముందు, ఆఖరి పూట, పిన్ని చెవిలో ఒక్క వాక్యం. బీరువాలో ఫోను మోగలేదు పిన్నీ. నాలుగే మాటలు, ఏ ద్వారమూ తెరవనక్కర్లేదు వాటికి. నేను గట్టిగా ఏడ్చాను, ఏడవడానికి కూడా నాకు హక్కు లేదని తెలిసి ఏడ్చాను, ఆయన ఊరుకోమనలేదు.

ఆయన లేచాడు. ఏసీ మూత ఇంకా బిగించలేదు. స్టూలెక్కి, జేబులోంచి స్క్రూలు తీసి, నాలుగూ బిగించాడు, ఒక్కోదాన్నీ వేలితో కదిపి చూశాడు. పని సగంలో వదిలే మనిషి కాదు. దిగి, సంచీ సర్దుకుని, గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "నువ్వు చెప్పినదంతా కాగితం మీద రాసివ్వు. నీ చేత్తో" అన్నాడు. తెర మీది ఖాళీ గడిలో ముందు రాశాను, అక్కడ ఎంత చోటుందో అంతలో, గడియారం ఏడాది వెనక్కి తిప్పింది నేను, ఆ పదమూడు రోజులూ హెచ్చరికలు ఎవరికీ వెళ్ళలేదు, పాలగది నష్టానికి బాధ్యత నాది. సేవ్ చేశాను, బయటికి వెళ్ళిపోయింది అది, ఆ ఒక్క ద్వారంలోంచి. తర్వాత అంతా మొదట్నుంచీ పెన్నుతో రాశాను, కింద సంతకం, తేదీ, ఈ రోజు అసలు తేదీ. ఆయన కాగితం అందుకుని కళ్ళజోడు పెట్టుకున్నాడు. మడిచి జేబులో పెట్టుకుంటాడనుకున్నాను.

పైకి చదవడం మొదలుపెట్టాడు. అలవాటైన ఆ నెమ్మదితోనే, మాట మాటకీ మధ్య చోటిస్తూ, చదువు రానివాళ్ళకి అర్థమయ్యేలా. ఫలానా రోజు రెండూ ఇరవైకి ఫ్రీజర్ ఆగింది. ఆ కబురు ఫోన్‌కి పంపబడలేదు. అక్కడ ఆగి, కాగితంలోంచి తలెత్తకుండానే, "వింటున్నావా" అన్నాడు.

ఏసీ తిరుగుతోంది. ఆ ప్రశ్న నాకు కాదు. ఆయన కాసేపు జవాబు కోసం ఆగి, తర్వాత మొదటి వాక్యం నుంచి మళ్ళీ చదవడం మొదలుపెట్టాడు.